లాయరు కాకపోయినా చట్టం మీద వ్యాసం రాయడం ఎలా: అంశం ఎంపిక నుంచి ప్రచురణ తర్వాతి దిద్దుబాటు దాకా

లాయరు కానివాళ్లు చట్టం మీద వ్యాసం రాయొచ్చా? రాయొచ్చు. న్యాయ సమాచారం ఇచ్చే వెబ్‌సైట్‌కు వ్యాసం పంపాలంటే ఎల్‌ఎల్‌బీ పట్టా ఉండాలనో, బార్ కౌన్సిల్‌లో పేరుండాలనో ఏ చట్టమూ చెప్పదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ నల్లకోటు వేసుకున్నవాళ్లకే పరిమితం కాదు. కాకపోతే ఏదైనా వెబ్‌సైట్ తన వరకు ‘అడ్వకేట్లు రాసినవే తీసుకుంటాం’ అని నియమం పెట్టుకోవచ్చు. కాబట్టి పెన్ను పట్టేముందు ఆ సైట్ రచయితలకు పెట్టిన నియమాల పేజీ చదవండి.

విశాఖలో ఈ ప్రశ్న అడుగుతున్నది ఎక్కువగా బ్యాంకుల్లో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో, పీఎఫ్ సెక్షన్లలో ఏళ్లపాటు పనిచేసినవాళ్లు, దస్తావేజు లేఖరులు, లైసెన్సు సర్వేయర్లు, లా విద్యార్థులు. కాగితం కౌంటరు దాటాక దానికి ఏమవుతుందో వీళ్లకు తెలిసినంతగా చాలామంది లాయర్లకు తెలియదు. ఆ బలం పక్కన పెట్టి, రాజ్యాంగ ధర్మాసనం తీర్పు మీద సీనియర్ న్యాయవాదిలా వ్యాఖ్యానం రాయబోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. మీకు తెలిసిన పని మీరు చెప్పండి, చట్టం ఏమంటుందో అధికారిక పాఠం చేత చెప్పించండి. కింద చెప్పేదంతా ఆ రెండు పనులూ కలగాపులగం కాకుండా చేసే పద్ధతే.

1. గీత ఎక్కడుందో ముందు చూసుకోండి

1961 నాటి అడ్వకేట్స్ చట్టం 29, 33 సెక్షన్ల ప్రకారం న్యాయవాద వృత్తి చేసే హక్కు అడ్వకేట్లకే ఉంది. హక్కు లేకుండా కోర్టులోనో, ఏదైనా అధికారి ముందో వకాల్తా నడిపితే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. 2018 మార్చిలో ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది: వృత్తి అంటే కోర్టులో వాదించడం మాత్రమే కాదు, కోర్టు బయట చేసే న్యాయపరమైన పని కూడా.

వ్యాసం ఈ పరిధిలోకి రాదు. ఒక మనిషి కాగితాలు చూసి, అతని కేసుకు సలహా చెప్పడం మొదలుపెట్టినప్పుడే ఇబ్బంది. తేడా ఇలా ఉంటుంది:

- ‘జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు’ అంటే సమాచారం.
- ‘మీ ఫ్రిజ్ విషయంలో మీరు తప్పక గెలుస్తారు, ఫిర్యాదు నేను రాసిపెడతా, రెండువేలు పంపండి’ అంటే వృత్తి.

వ్యాసం పూర్తయ్యాక ఒకసారి ఈ గీత కోసమే చదవండి. ‘మీ కేసులో’, ‘మీరు గెలుస్తారు’, ‘భయపడనక్కర్లేదు’, ‘లాయరు అవసరం లేదు’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి. ‘చట్టం ఇలా అంటోంది’, ‘సాధారణంగా అడిగే కాగితాలు ఇవి’ అన్న తీరులోకి మార్చండి.

చివర ‘ఇది న్యాయ సలహా కాదు’ అన్న ఒక్క వాక్యం తగిలిస్తే అన్నీ మాఫీ అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ వాక్యం ఉండాల్సిందే. అంతమాత్రాన పైన రాసిన తప్పుడు గడువు ఒప్పు కాదు.

2. మీరెవరో ఉన్నదున్నట్టు రాయండి

పేరు కింద పెట్టే పరిచయంలోనే ఎక్కువ మంది జారిపోతారు.

- ఎల్‌ఎల్‌బీ పూర్తయి, బార్ కౌన్సిల్‌లో నమోదు కాకపోతే ‘ఎల్‌ఎల్‌బీ’ అని రాసుకోవచ్చు. ‘అడ్వకేట్’ అని రాయకూడదు.
- చదువుతున్నవాళ్లు ‘న్యాయవిద్యార్థి, నాలుగో సంవత్సరం’ అని రాస్తే సరి. ‘లీగల్ ఎక్స్‌పర్ట్’ వద్దు.
- రిటైరైనవాళ్లు ‘విశ్రాంత’ అన్న మాట వదలొద్దు. అది లేకపోతే శాఖ తరఫున అధికారికంగా రాసినట్టు పాఠకుడు పొరబడతాడు.
- ‘న్యాయవాది కాదు’ అని సూటిగా రాసుకోవడంలో నామోషీ లేదు. ‘22 ఏళ్లు చెక్ క్లియరింగ్‌లో పనిచేశారు, న్యాయవాది కాదు’ అన్న పరిచయాన్ని పాఠకుడు ఎక్కువ నమ్ముతాడు.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక పని అదనం. స్టీలు ప్లాంటు, పోర్టు, నేవీ సివిలియన్ విభాగాలు, రాష్ట్ర శాఖలు, కోర్టు సిబ్బంది ఎవరి ప్రవర్తనా నియమావళి వారికి ఉంటుంది. కేంద్ర సివిల్ ఉద్యోగులకైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ప్రచురణ మీద అందులో ఏముందో చూసి, అనుమానం ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఆఫీసు ఫైల్లో చూసిన సంగతి వ్యాసంలోకి రాకూడదు. పేరు తీసేసి రాసినా సరే.

3. ఒక్క ప్రశ్నకే జవాబు రాయండి

‘ఆస్తి చట్టాలు’ అన్నది వ్యాసానికి అంశం కాదు, గ్రంథానికి. ‘బ్యాంకు చెక్కు తిప్పి పంపిన రోజు నుంచి ఏ పని ఏ తేదీలోపు చెయ్యాలి’ అన్నది అంశం. కింది మూడు ప్రశ్నలకూ అవునన్న జవాబు వస్తేనే ముందుకెళ్లండి:

- ఈ పని జరిగే చోటు, అడిగే కాగితాలు, అక్కడ చేసే పొరపాట్లు నాకు స్వయంగా తెలుసా?
- దీనికి సంబంధించిన సెక్షన్లు పది లోపేనా?
- చదివిన మనిషి రేపు పొద్దున చేయగల పని ఏదైనా ఇందులో ఉందా?

లాయరు కానివాళ్లు వదిలేయాల్సిన అంశాలూ ఉన్నాయి. బెయిలు వస్తుందా రాదా, వీలునామా చెల్లుతుందా, విడాకుల కేసులో ఏ వాదన పెట్టాలి లాంటివి కేసు వాస్తవాలను బట్టి మారిపోతాయి. సాధారణ సూత్రంగా రాసినా పాఠకుడు తన కేసుకు అన్వయించుకుని దెబ్బతింటాడు.

4. మూలాలు ఈ వరసలో సేకరించండి

వరస ముఖ్యం. చాలామంది నాలుగు వెబ్‌సైట్లు చదివి, కలిపి రాసి, చివర్లో చట్టం వెతుకుతారు. ఆ నాలుగూ ఒకే తప్పును ఒకదాన్నుంచి ఒకటి కాపీ కొట్టినవి అయివుండొచ్చు.

మొదట చట్టం పాఠం. కేంద్ర, రాష్ట్ర చట్టాలు రెండూ ఇండియా కోడ్ పోర్టల్‌లో దొరుకుతాయి. మీకు కావలసిన సెక్షన్‌తోపాటు ఆ చట్టం నిర్వచనాల సెక్షన్, మీ సెక్షన్ కింద ఉండే ప్రొవైజోలు (షరతు వాక్యాలు), వివరణలు కూడా చదవండి. మినహాయింపులన్నీ దాక్కునేది అక్కడే.

తర్వాత నియమాలు. ఫీజు ఎంత, ఫారం ఏది, ఎన్ని కాపీలు అన్నవి చట్టంలో ఉండవు, రూల్స్‌లో ఉంటాయి. వినియోగదారుల చట్టం 2019 నాటిదైనా, ఇప్పుడు ఏ కమిషన్ ఎంత విలువ దాకా వింటుందో చెప్పేవి 2021 నాటి రూల్స్: జిల్లా కమిషన్‌కు 50 లక్షల దాకా, రాష్ట్ర కమిషన్‌కు 2 కోట్ల దాకా. చట్టం ఒక్కటే చూసి రాసినవాళ్లు జిల్లా కమిషన్‌కు ఇప్పటికీ కోటి అనే రాస్తున్నారు.

ఆ తర్వాత గెజిట్ నోటిఫికేషన్లు, జీవోలు. చట్టం ఆమోదం పొందిన తేదీ వేరు, అమల్లోకి వచ్చిన తేదీ వేరు.

చివరగా తీర్పులు. సుప్రీంకోర్టు తీర్పులు కోర్టు సొంత సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగు అనువాదాలు కూడా కొన్ని దొరుకుతాయి. అర్థం చేసుకోవడానికి అవి పనికొస్తాయి. ఉటంకించడానికి మాత్రం ఇంగ్లిష్ పాఠాన్నే చూడండి, అధికారిక పాఠం అదే. పత్రికలో వచ్చిన వార్త చదివి తీర్పు గురించి రాయొద్దు. విచారణలో న్యాయమూర్తి నోటివెంట వచ్చిన మాటను తీర్పుగా రాసేయడం ఇలాగే జరుగుతుంది.

కృత్రిమ మేధ టూళ్లను అడిగితే ఉన్నట్టే కనిపించే లేని తీర్పుల పేర్లు చెబుతాయి. కేసు పేరు, తేదీ కోర్టు సైట్‌లో మీ కళ్లతో చూసేదాకా ఆ తీర్పు లేనట్టే లెక్క.

కాపీరైట్ సంగతి కూడా ఇక్కడే. 1957 నాటి కాపీరైట్ చట్టం 52(1)(క్యూ) ప్రకారం కోర్టు తీర్పులను, గెజిట్‌లో వచ్చినవాటిని తిరిగి ప్రచురించవచ్చు. చట్టం పాఠాన్ని వ్యాఖ్యతో కలిపి ఇవ్వవచ్చు. లా జర్నళ్లు తీర్పు పైన వేసే హెడ్‌నోట్లు, అంటే సారాంశాలు, అలా కాదు. అవి ప్రచురణకర్త సొత్తు అని ఈస్టర్న్ బుక్ కంపెనీ, డీబీ మోదక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హెడ్‌నోట్‌ను తెలుగు చేసి మీ పేరుతో పెట్టడం అందుకే కుదరదు.

సేకరిస్తూనే ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: నేను రాసిన వాక్యం, దానికి ఆధారమైన సెక్షన్ లేదా తీర్పు, చూసిన తేదీ. ఈ పట్టిక వ్యాసంలో రాదు. లాయరుకు చూపించేటప్పుడు, ఎడిటర్ అడిగినప్పుడు, ఏడాది తర్వాత సరిచేసేటప్పుడు ఇదే కాపాడుతుంది.

5. ఒక పేరా ఎలా చెడుతుందో, ఎలా బాగవుతుందో చూడండి

చెక్ బౌన్స్ మీద మొదటి చిత్తులు తరచూ ఇలా ఉంటాయి:

‘చెక్కు బౌన్స్ అయితే నెలలోపు నోటీసు ఇచ్చి, 15 రోజులు ఆగి, చెక్కు ఇచ్చినవాడి ఊళ్లోని కోర్టులో నెలలోపు కేసు వెయ్యాలి. రెండేళ్లు జైలు పడుతుంది.’

వినడానికి అంతా సరిగ్గానే ఉంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, 142 సెక్షన్లు పక్కన పెట్టుకుని చూస్తే దాదాపు ప్రతి ముక్కలో లోపం ఉంది.

‘నెలలోపు నోటీసు’ తప్పు. 138వ సెక్షన్ 30 రోజులు అంటుంది. అవి చెక్కు తేదీ నుంచి కాదు, చెక్కు తిరిగొచ్చిందన్న సమాచారం బ్యాంకు నుంచి మీకు అందిన రోజు నుంచి. ఆ సమాచారం చెప్పే బ్యాంకు మెమో మీద ఉన్న తేదీ, అది చేతికొచ్చిన తేదీ వేరు కావొచ్చు. కవరు గానీ ఈమెయిల్ గానీ దాచుకొమ్మని చెప్పగలిగేది బ్యాంకులో పనిచేసినవాళ్లే.

‘15 రోజులు ఆగి’ అసంపూర్ణం. ఆ 15 రోజులు నోటీసు అవతలి మనిషికి అందిన రోజు నుంచి. పోస్టాఫీసు ట్రాకింగ్ రిపోర్టు అందుకే కావాలి.

‘నెలలోపు కేసు’ సరైనదే, అయితే ఇక్కడ నెల అంటే క్యాలెండర్ నెల, 30 రోజులు కాదు. ఈ గడువు దాటితే తగిన కారణం చూపి కోర్టును మినహాయింపు అడిగే వీలు 142వ సెక్షన్‌లో ఉంది. నోటీసు గడువుకు అలాంటి వెసులుబాటు చట్టంలో లేదు. రెండు గడువులనూ ఒకే వాక్యంలో కలిపేస్తే ఈ తేడా మాయమవుతుంది.

‘చెక్కు ఇచ్చినవాడి ఊళ్లో’ 2015 సవరణ తర్వాత తప్పు. చెక్కును మీ ఖాతాలో వేసి ఉంటే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో కేసు అక్కడే. గాజువాక బ్రాంచిలో ఖాతా ఉన్నవాళ్లు చెక్కు ఇచ్చినవాడి కోసం హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు.

‘రెండేళ్లు జైలు పడుతుంది’ కాదు. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ‘దాకా’ అన్న మాట తీసేస్తే గరిష్ఠ శిక్షే ఖాయమైన శిక్ష అయిపోతుంది.

చెక్కును మూడు నెలల చెల్లుబాటు లోపు బ్యాంకులో వేసి ఉండాలని, అది చట్టబద్ధంగా వసూలు చేసుకోదగ్గ బాకీ కోసం ఇచ్చినదై ఉండాలని మొదటి చిత్తులో అసలే లేదు.

ఇప్పుడు పాఠకుడికి తేదీలతో చూపించండి. మెమో మార్చి 3న అందింది. ఆ రోజు వదిలేసి లెక్కపెడితే నోటీసుకు ఆఖరి రోజు ఏప్రిల్ 2. మార్చి 20న నోటీసు పంపారు, 24న అవతలివాళ్లకు అందింది. వాళ్లు డబ్బు కట్టడానికి గడువు ఏప్రిల్ 8. కట్టకపోతే 9న కేసు వేసే హక్కు పుడుతుంది. ఆ రోజును లెక్కలోంచి తీసేయాలని 1999లో సాకేత్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఫిర్యాదుకు ఆఖరి రోజు మే 9. ‘ఆఖరి రోజు దాకా ఆగొద్దు’ అని ఒక ముక్క చేర్చండి, సెలవులు ఎప్పుడు అడ్డొస్తాయో చెప్పలేం.

గడువులున్న ఏ అంశానికైనా ఇలా ఒక తేదీల వరస తప్పనిసరిగా ఇవ్వండి. లెక్కను ఇద్దరు వేరువేరుగా వేసి సరిచూడాలి.

6. ఇక్కడి నుంచి రాసేవాళ్లు పడే గోతులు

తెలుగులో న్యాయ వ్యాసాలకు పెద్ద తెగులు, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒకే కుండలో వేయడం. భూ రికార్డులకు ‘ధరణి చూడండి’ అని విశాఖ పాఠకుడికి చెప్పడం శుద్ధ దండగ. అది తెలంగాణది. అక్కడ కూడా 2025లో భూభారతి వచ్చింది. మన దగ్గర అడంగల్, 1బి చూసేది మీభూమిలో. శీర్షిక కిందే ‘ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్‌కు వర్తిస్తుంది’ అని పెట్టండి.

రెండోది, జాతీయ వెబ్‌సైట్లలోని వ్యాసాన్ని తెలుగు చేయడం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 2005 సవరణతో వచ్చిందని అవన్నీ రాస్తాయి. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు. 2005 కేంద్ర సవరణ పెళ్లి షరతు లేకుండా ఇచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1985 ముక్క వదిలేస్తే 1985 నుంచి 2005 మధ్య జరిగిన పంపకాల గురించి మన పాఠకుడికి సగం కథే తెలుస్తుంది.

సమాచార హక్కు ఫీజు కూడా అంతే. కేంద్ర నియమాల్లో దరఖాస్తుకు 10 రూపాయలు. మన రాష్ట్ర నియమాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5, మిగతా వాటికి 10.

అరకు, పాడేరు వైపు స్థలాల మీద రాస్తే 1/70 అనే భూ బదిలీ నిబంధన లేకుండా రాయకండి. 1959 నాటి భూ బదిలీ నిబంధనలకు 1970లో చేసిన సవరణ ప్రకారం ఏజెన్సీలో భూమిని, అమ్మేది గిరిజనేతరుడైనా సరే, గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. ‘మేం కొంటున్నది గిరిజనుల దగ్గర కాదు కదా’ అని నగరంలో ఇప్పటికీ వినిపించే మాటకు జవాబు అదే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. రెవెన్యూ జిల్లా మారింది కాబట్టి కోర్టు పరిధీ మారిందని ఊహించి రాయొద్దు. ఈకోర్ట్స్ సైట్‌లో చూసి రాయండి.

ఇక పాతబడిన చట్టాలు, పేర్లు:

- 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియమ్ వచ్చాయి. మోసానికి 420 పోయి 318(4), ఎఫ్‌ఐఆర్‌కు 154 పోయి 173. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లే. రెండు నంబర్లూ పక్కపక్కన ఇవ్వండి.
- 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1972 గ్రాట్యుటీ చట్టం పేరుతో రాసిన పాత వ్యాసాన్ని అలాగే పంపితే ఎడిటర్ తిప్పి పంపుతారు, పంపాలి కూడా.
- రాష్ట్ర భూ హక్కుల చట్టం, అంటే ల్యాండ్ టైట్లింగ్ చట్టం, 2024లో రద్దయింది. అది ఇంకా ఉన్నట్టు రాసిన పేజీలు నెట్‌లో బోలెడు.
- విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది.

7. రాసే వరస

వెయ్యి, పన్నెండొందల పదాలు చాలు. జవాబు మొదటి పేరాలోనే ఉండాలి. తర్వాత ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు. ఆపైన కావలసిన కాగితాలు, చేసే పని వరస, గడువులు, ఖర్చు, ఆఫీసులో ‘కుదరదు’ అంటే తర్వాతి మెట్టు ఏది.

సెక్షన్ నంబరు వాక్యం మధ్యలో ఒక్కసారి చాలు. ప్రతి వాక్యానికీ నంబరు తగిలిస్తే చదివేవాడు పారిపోతాడు. చట్టం భాషను తెలుగు చేసేటప్పుడు ‘చేయాలి’, ‘చేయవచ్చు’ తారుమారు కాకుండా చూడండి. అధికారికి విచక్షణ ఉన్నచోట ‘చేయాలి’ అని రాస్తే పాఠకుడు కౌంటరు దగ్గర గొడవపడి భంగపడతాడు.

మీ అనుభవంతో చెప్పేది, చట్టం చెప్పేది వేరుగా కనిపించాలి. ‘చట్టంలో లేకపోయినా కౌంటరులో ఆధార్ జిరాక్స్ అడుగుతారు’ అన్న వాక్యం ఎంతో పనికొస్తుంది. ‘ఆధార్ జిరాక్స్ తప్పనిసరి’ అంటే అబద్ధం.

ఆఖర్న ఉచిత న్యాయ సహాయం సంగతి రెండు వాక్యాల్లో పెట్టండి: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100 హెల్ప్‌లైన్. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. ‘లాయరును కలవండి’ అని వదిలేసే వ్యాసాల్లో ఫీజు కట్టలేనివాళ్లకు దారి కనిపించదు.

8. పేర్లు, ఆరోపణలు, కోర్టులు

ఇక్కడ తప్పు జరిగితే దిద్దుబాటుతో పోదు.

- లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో 23, జువెనైల్ జస్టిస్ చట్టం 74 సెక్షన్లు కూడా ఉన్నాయి. పేరు తీసేసి ‘ఫలానా కాలనీ, ఫలానా స్కూల్లో ఏడో తరగతి’ అని రాసినా గుర్తుపట్టేస్తారు. ఊరు, బడి, బంధుత్వం అన్నీ తీసేయండి.
- తీర్పు రాని కేసులో ‘నిందితుడు’ అనే రాయాలి. ‘దోషి’ కాదు.
- పరువు నష్టం న్యాయ సంహిత 356వ సెక్షన్. కోర్టులో జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు రిపోర్టు చేయడానికి అందులోనే మినహాయింపు ఉంది. మీ విశేషణాలు చేరిస్తే ఆ రక్షణ పలచబడుతుంది.
- తీర్పును విమర్శించవచ్చు. 1971 కోర్టు ధిక్కార చట్టం 4, 5 సెక్షన్లు నిజాయితీ గల రిపోర్టును, న్యాయమైన విమర్శను కాపాడతాయి. తీర్పులోని తర్కాన్ని తప్పుబట్టండి. న్యాయమూర్తికి ఉద్దేశాలు అంటగట్టొద్దు.

మీ సొంత కేసు కోర్టులో ఉంటే, ఆ అంశం మీద ఇప్పుడు రాయకపోవడమే మంచిది. ఎంత జాగ్రత్తగా రాసినా పక్షపాతం తొంగిచూస్తుంది. అవతలి పక్షం లాయరు ఆ వ్యాసాన్ని ప్రింటు తీసి మీ ముందే పెట్టొచ్చు.

9. లాయరు చేత చూపించండి

‘ఒకసారి చూడండి సార్’ అని మొత్తం చేతిలో పెడితే పైపైన చూసి ‘బాగుందండి’ అంటారు. మూడు గళ్ల పట్టికతో వెళ్లి మూడే అడగండి: ఈ సెక్షన్లు ఇవాళ్టికి అమల్లో ఉన్నాయా? నేను వదిలేసిన మినహాయింపు ఏదైనా ఉందా? ఇది చదివి పాఠకుడు నష్టపోయే వాక్యం ఏది?

ఆ అంశం మీదే ప్రాక్టీసు చేసేవాళ్లను ఎంచుకోండి. క్రిమినల్ లాయరుకు భూమి వ్యాసం ఇస్తే ఉపయోగం తక్కువ. కోర్టు పనిగంటల్లో కారిడార్‌లో పట్టుకోవద్దు, సాయంత్రం ఆఫీసులో పదిహేను నిమిషాలు అడగండి. పరిచయాలు లేనివాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీ, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అధ్యాపకులకు రాసి చూడవచ్చు.

చూసిపెట్టిన అడ్వకేట్ పేరు వ్యాసంలో వేయాలంటే ముందు అడగండి. బార్ కౌన్సిల్ 36వ నియమం వాళ్లు ప్రచారం చేసుకోవడాన్ని, కేసుల కోసం వల వేయడాన్ని నిషేధిస్తోంది. ఫోన్ నంబరుతో సహా ‘ఈ లాయరును సంప్రదించండి’ అని మీరు వేస్తే ఇరుకున పడేది వాళ్లు.

10. పంపడం, హక్కులు

ముందు పూర్తి వ్యాసం కాదు, అయిదు వాక్యాల ప్రతిపాదన పంపండి: ప్రశ్న, ఎవరికి ఉపయోగం, మీకు ఈ పని ఎలా తెలుసు, ప్రధాన చట్టం, ఎన్ని రోజుల్లో ఇస్తారు.

పంపేముందు చూసుకోవాల్సినవి:

- యూనికోడ్ తెలుగులోనే టైపు చేశారా? అను ఫాంట్లలో కొట్టిన పేజ్‌మేకర్ ఫైలు అవతల పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది.
- ‘ఈ తేదీ నాటి చట్టం ప్రకారం’ అన్న వాక్యం ఉందా?
- ఏ రాష్ట్రానికి వర్తిస్తుందో ఉందా?
- పరిచయంలో ‘న్యాయవాది కాదు’ ఉందా?
- దస్తావేజు నమూనాల ఫొటోల్లో పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్ అంకెలు పూర్తిగా చెరిపారా? ఫోన్‌లో పెన్నుతో గీసిన నల్లగీత వెలుతురు పెంచితే వెనకున్నది కనిపిస్తుంది, ముదురు డబ్బాతో కప్పండి.
- ఆధారాల పట్టిక వేరే ఫైలుగా జతచేశారా?

హక్కుల మాట రాతలో ఉండాలి. జీతానికి రాస్తే తప్ప వ్యాసం కాపీరైట్ మొదట మీదే. బదిలీ చేయాలంటే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం కావాలి. అందులో కాలం చెప్పకపోతే అయిదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకు అని అర్థం. ఒప్పందంలో ఒక వాక్యం తప్పక అడగండి: ‘చట్టం మారినప్పుడు రచయిత దిద్దుబాటు పంపితే ఏడు రోజుల్లో సరిచేస్తాం, లేదా వ్యాసం తీసేస్తాం.’ పారితోషికం కన్నా ఇదే ముఖ్యం, పాత తప్పు మీ పేరుతోనే తిరుగుతుంది కాబట్టి.

11. వచ్చాక

ఫోన్లు మొదలవుతాయి: ‘మా నాన్నగారి స్థలం విషయంలో ఏం చెయ్యమంటారు?’ వ్యాసంలో ఉన్న భాగం చూపించండి, 15100 చెప్పండి, కాగితాలు వాట్సాప్‌లో పంపొద్దనండి. ఒకరికి చెప్పాక రెండోవారికి కాదనలేరు. డబ్బు తీసుకుంటే మొదటి అంచెలో చెప్పిన గీత దాటినట్టే.

ఆరు నెలలకోసారి పట్టిక తీసి ప్రతి సెక్షన్‌నూ ఇండియా కోడ్‌లో మళ్లీ చూడండి. కేంద్ర బడ్జెట్ తర్వాత, రాష్ట్ర శాసనసభ సమావేశాల తర్వాత అదనంగా ఒకసారి. తప్పు దొరికితే చడీచప్పుడు లేకుండా వాక్యం మార్చేయకండి. ‘ఫలానా తేదీన ఈ గడువు సరిచేశాం, ముందు ఇలా ఉండేది’ అని వ్యాసం పైభాగాన వేయించండి. పాత గడువు చూసి వెళ్లిన మనిషికి, తాను చూసింది పాతదని తెలియాలి.